నొప్పులు తెప్పించే కాన్పు: తేదీ లెక్క నుంచి డిశ్చార్జ్ బిల్లు దాకా

“డ్యూ డేట్ దగ్గరపడింది, రేపు వచ్చి జాయినైపొమ్మన్నారు, జెల్ పెడతారంట. ఎంతవుద్దండీ? పెట్టించుకోవచ్చా, ఆగొచ్చా?” కోనసీమ నుంచి, భీమవరం వైపు నుంచి, కాకినాడ నుంచి వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. నొప్పులు వాటంతటవే రాకముందే మందు పెట్టి తెప్పించే కాన్పు గురించే ఇదంతా, జెల్ అంటే అందుకోసం గర్భసంచి ముఖద్వారం మెత్తబడటానికి పెట్టే మందు. చిక్కేమిటంటే, ఈ ప్రశ్న అడిగేది అడ్మిషన్‌కి ముందురోజు రాత్రి. అప్పటికి బేరమాడే వీలూ ఉండదు, రెండో డాక్టర్ని అడిగే టైమూ ఉండదు. కింది పనుల్లో సగానికి పైగా 36వ వారంలోపే అయిపోవాలి.

డాక్టరు చూసి చెప్పే మాటకు ఇది బదులు కాదు. ఆ మాట అర్థం కావడానికి, తిరిగి ఏం అడగాలో తెలియడానికి మాత్రమే.

1. ముందు తేదీ తేల్చుకోండి

మిగతా అన్ని నిర్ణయాలూ దీని మీదే నిలబడతాయి. ఆఖరి నెలసరి మొదటి రోజుకి 280 రోజులు కలిపితే డ్యూ డేట్. చేత్తో లెక్కేయాలంటే తేదీకి 7 రోజులు, నెలకి 9 కలపండి.

ఉదాహరణకి, ఆఖరి నెలసరి జనవరి 10న వచ్చిందనుకుందాం. లీపు సంవత్సరం కాకపోతే లెక్క ఇలా వస్తుంది:

- 37 వారాలు నిండేది: సెప్టెంబరు 26
- 39 వారాలు నిండేది: అక్టోబరు 10
- డ్యూ డేట్, అంటే 40 వారాలు: అక్టోబరు 17
- 41 వారాలు నిండేది: అక్టోబరు 24

ఇంట్లో పెద్దవాళ్ల లెక్క వేరు. ఈ అమ్మాయికి సెప్టెంబరు 10న “తొమ్మిదో నెల పడింది” అంటారు. వారాల్లో చూస్తే అప్పటికి 34 వారాల 5 రోజులే. “నెలలు నిండాయి” అనే మాటకీ ఈ మాటకీ మధ్య నెల రోజుల తేడా ఉంది. హాస్పిటల్లో ఎప్పుడూ వారాల్లోనే మాట్లాడండి.

ఎక్కువమంది తడబడేది స్కాన్ రిపోర్టుల దగ్గర. ఒక్కో స్కాన్‌లో ఒక్కో డ్యూ డేట్ కనిపిస్తుంది. తొలి మూడు నెలల్లో, అంటే 14 వారాల్లోపు తీసిన స్కాన్ తేదీయే అన్నిటికన్నా నమ్మదగింది. నెలసరి లెక్కకీ ఆ స్కాన్‌కీ వారం కంటే ఎక్కువ తేడా ఉంటే స్కాన్ తేదీనే పట్టుకుంటారు. ఎనిమిదో నెలలో, తొమ్మిదో నెలలో తీసే స్కాన్ బిడ్డ సైజుని బట్టి వారాలు చెబుతుంది, అందులో మూడు వారాల దాకా తేడా రావచ్చు. దాన్ని చూసి డ్యూ డేట్ మార్చుకోకూడదు.

ఏం చేయాలి: తొలి స్కాన్ రిపోర్టుని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి. ఖరారైన తేదీని డాక్టరు చేతే కార్డు మీద రాయించండి.

2. పురుడు ఎక్కడో 34 వారాల్లోపు ఖాయం చేయండి

తొలిచూలు అయితే పుట్టింట్లో పురుడు పోయడం మన వైపు రివాజు. దాంతో ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో హాస్పిటల్ మారుతుంది. అప్పటిదాకా చూసిన డాక్టరు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండిపోతారు, కొత్త డాక్టరుకి ఈ అమ్మాయి సంగతేమీ తెలీదు. ఫైలు సరిగా లేకపోతే టెస్టులన్నీ మళ్లీ మొదలు, ఖర్చూ మళ్లీ మొదలు.

హాస్పిటల్ ఎంచుకునేటప్పుడు బిల్డింగు కంటే ముందు ఇవి అడగండి:

- రాత్రి రెండింటికి ఎమర్జెన్సీ వస్తే మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు?
- నొప్పుల మందు పెట్టాక రాత్రంతా చూసుకునేది డ్యూటీ డాక్టరా, నర్సు ఒక్కరేనా?
- రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? గ్రూపు నెగటివ్ అయితే దాతని మేమే చూసుకోవాలా?
- పసిబిడ్డల ఐసీయూ ఇక్కడే ఉందా? లేకపోతే కాకినాడ పంపుతారా, రాజమండ్రి పంపుతారా?

నాలుగో ప్రశ్నని తేలిగ్గా తీసుకోవద్దు. పుట్టిన గంటకి బిడ్డ ఒక ఊళ్లో, బాలింత ఒక ఊళ్లో పడితే ఖర్చు కంటే టెన్షనే ఎక్కువ.

3. “ప్యాకేజీ ఎంత” అని అడిగి ఊరుకోవద్దు

రిసెప్షన్‌లో చెప్పే అంకె సాధారణంగా అంతా సాఫీగా జరిగితే అయ్యే అంకె. నొప్పులు వాటంతటవే వచ్చి, వచ్చిన పూటే కాన్పై, మూడో రోజు ఇంటికెళ్తే సరిపోతుంది. నొప్పులు తెప్పించే కాన్పులో ఆ లెక్క మారుతుంది. తొలి కాన్పుకి మందు పెట్టిన దగ్గర్నుంచి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పట్టొచ్చు.

కింది అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే, ఏ హాస్పిటల్ రేటూ కాదు:

- నార్మల్ ప్యాకేజీ, మూడు రోజులకి: 40,000
- జెల్ పెట్టి ఎదురుచూసిన రెండు రోజుల రూము అద్దె: 3,000
- మందుల షాపు బిల్లు: 4,000
- నార్మల్ నుంచి పెద్దాపరేషన్‌కి మారితే తేడా: 30,000
- మత్తు డాక్టరు ఫీజు: 6,000
- పిల్లల డాక్టరు ఫీజు: 2,000

మొత్తం 85,000. బిడ్డని రెండు రోజులు ఐసీయూలో పెట్టి రోజుకి 7,000 వేస్తే 99,000. 40,000 చేతిలో పెట్టుకుని బయల్దేరిన ఇంటాయన అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తాడు? అందుకే మూడు అంకెలు విడివిడిగా రాయించుకోవాలి: నార్మల్‌కి ఎంత, ముందే అనుకున్న ఆపరేషన్‌కి ఎంత, నొప్పులు పడ్డాక ఆపరేషన్‌కి మారితే ఎంత. మూడోది చెప్పడానికి కొందరు ఇష్టపడరు. నా మట్టుకు, ఆ అంకె చెప్పని చోట చేర్పించను.

అడగాల్సిన మాట ఇదీ: “మేడమ్, జెల్ పెట్టిన రోజు నుంచి లెక్కా, కాన్పైన రోజు నుంచి లెక్కా? మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, మందులు, టెస్టులు ఇందులోనే ఉన్నాయాండీ? రాత్రిపూటకీ ఆదివారానికీ వేరే చార్జీ ఉందా?”

మందు ఖరీదు చూసి భయపడక్కర్లేదు. ముఖద్వారం మెత్తబడటానికి వాడే మిసోప్రోస్టాల్ మాత్ర రూపాయల్లో దొరుకుతుంది. డైనోప్రోస్టోన్ జెల్ వందల్లో ఉంటుంది. బిల్లు పెరిగేది రోజులతో, రూముతో, ఆపరేషన్‌కి మారడంతో.

ఇన్సూరెన్స్ ఉంటే ఈ సంగతులు చూడండి. సొంతంగా కట్టుకున్న పాలసీల్లో ప్రసూతికి నెలల నుంచి ఏళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో చాలాసార్లు మొదటి రోజు నుంచే ఉంటుంది కానీ పరిమితి పెడతారు. రూము అద్దె పరిమితి దాటితే మిగతా బిల్లులోనూ అదే నిష్పత్తిలో కోత పడొచ్చు. పుట్టిన బిడ్డ మొదటి రోజు నుంచే కవరవుతుందో లేదో విడిగా అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ బోర్డు ఉన్నంత మాత్రాన మీ కాన్పు అందులోకి వస్తుందనుకోకండి. అక్కడి వైద్య మిత్ర డెస్కులో మీ కేసు చెప్పి అడగండి.

4. ప్రభుత్వాసుపత్రి లెక్క

జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 నుంచి ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, ఉచితం. మందులు, టెస్టులు, రక్తం, భోజనం, రానూపోనూ బండి కూడా అందులోవే. భోజనం నార్మల్‌కి 3 రోజులు, సిజేరియన్‌కి 7 రోజులు. వెళ్లడానికి 108, తల్లినీ బిడ్డనీ ఇంటికి దింపడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. వార్డులో ఎవరైనా “అబ్బాయి పుట్టాడు కదా” అని చెయ్యి చాపితే ఇవ్వాల్సిన పని లేదు. మరీ పీడిస్తే సూపరింటెండెంట్‌కి కాగితం మీద రాసివ్వండి.

ఖర్చు లేదు కదా అని కళ్లు మూసుకుని వెళ్లొద్దు. దగ్గర్లోని సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) రాత్రిపూట ఆపరేషన్ చేసే వీలుందా అని మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంని ముందే అడగండి. లేకపోతే ఏరియా ఆసుపత్రికో, కాకినాడ జీజీహెచ్‌కో (ప్రభుత్వ పెద్దాసుపత్రి), రాజమండ్రి ప్రభుత్వాసుపత్రికో నేరుగా వెళ్లడం మేలు. నొప్పులు ముదిరాక అంబులెన్సులో ఊళ్లు మారడం అన్నిటికన్నా ప్రమాదం.

ప్రైవేటులో చూపించుకునేవాళ్లకీ ఉపయోగపడేది ఒకటుంది. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. నొప్పులు తెప్పించాలన్న మాట మీద రెండో అభిప్రాయం కావాలంటే ఆ రోజు ఫైలు పట్టుకుని వెళ్లొచ్చు.

5. కారణం చెప్పమనండి, అంకెతో సహా

నొప్పులు తెప్పించడం తప్పుడు పని కాదు. చాలాసార్లు అదే తల్లినీ బిడ్డనీ కాపాడుతుంది. చూడాల్సింది కారణం గట్టిదా కాదా అన్నది.

గట్టి కారణాలు, వీటిలో వాయిదా అడగొద్దు:

- బీపీ 140/90 దాటి ఉండటం, దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్, తలనొప్పి, చూపు మసకబారడం. ఇలాంటప్పుడు 37 వారాలు నిండాక సాధారణంగా ఆగరు, తీవ్రంగా ఉంటే అంతకుముందే కాన్పు చేస్తారు.
- నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం. గంటలు గడిచేకొద్దీ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. నీరు ఆకుపచ్చగా ఉంటే వెంటనే వెళ్లాలి.
- బిడ్డ ఎదుగుదల ఆగిందని డాప్లర్ స్కాన్‌లో (బిడ్డకి రక్తం ఎలా అందుతోందో చూసే స్కాన్) తేలడం.
- షుగర్‌కి ఇన్సులిన్ వాడుతుండటం. సాధారణంగా 39వ వారంలో చేస్తారు.
- 41 వారాలు నిండటం. ఆ తర్వాత ఆగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

వెంటనే తల ఊపకుండా అడగాల్సినవి:

“ఉమ్మనీరు తగ్గింది.” ఎంత ఉందో అడగండి. ఏఎఫ్‌ఐ (స్కాన్‌లో ఉమ్మనీటి కొలత) 5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే తగ్గినట్టు. 8, 9 ఉంటే మళ్లీ ఎప్పుడు చూడాలో అడగండి.

“మెడకి పేగు చుట్టుకుంది.” ఇది చాలామంది బిడ్డల్లో కనిపిస్తుంది, చాలామంది మామూలుగానే పుడతారు. ఇదొక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు.

“బిడ్డ బరువెక్కువ.” స్కాన్‌లో చెప్పే బరువు అంచనా మాత్రమే. పుట్టాక తూస్తే పది, పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది.

“డేట్ దగ్గరపడింది కదా.” 40 వారాలు కూడా నిండకుండా, వేరే ఏ ఇబ్బందీ లేకుండా ఈ మాటంటే, 41 దాకా ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె చప్పుడు రికార్డు చేసే పరీక్ష), ఉమ్మనీరు చూస్తూ ఆగొచ్చా అని అడగండి.

దీనికి రెండో వైపూ ఉంది. 2018లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో తొలి కాన్పు, ఏ సమస్యా లేని స్త్రీలకి 39వ వారంలో నొప్పులు తెప్పిస్తే 18.6 శాతం మందికి సిజేరియన్ అయింది. ఆగి చూసినవాళ్లలో 22.2 శాతం. అంటే మందు పెడితే ఆపరేషన్ ఖాయమన్న భయం నిజం కాదు. కాకపోతే అక్కడ తొందరపడి “ఫెయిల్” అనలేదు, గంటల తరబడి ఓపిక పట్టారు. మన దగ్గర 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 63 శాతం సిజేరియన్లే, ప్రభుత్వాసుపత్రుల్లో దాదాపు 27 శాతం. కాబట్టి మీ హాస్పిటల్‌కి ఆ ఓపిక ఉందా అన్నదే అసలు ప్రశ్న.

6. ముహూర్తం పెట్టించుకుంటే

అమావాస్య తప్పించాలనో, మూలా నక్షత్రం రాకూడదనో పంతులు గారిని అడిగే ఇళ్లు మన వైపు చాలానే ఉన్నాయి. మానమంటే మానరని తెలుసు. రెండు హద్దులు మాత్రం దాటొద్దు.

ఒకటి, 39 వారాలు నిండకముందు ముహూర్తం కోసం కాన్పు చేయించొద్దు. ముందుగా తీసిన బిడ్డకి ఆయాసం వచ్చి ఐసీయూకి వెళ్లే అవకాశం ఎక్కువ. రెండు, జెల్ పెట్టి ఫలానా గంటకే బిడ్డ పుట్టాలంటే అది ఎవరి చేతిలోనూ లేదు. గంట ముహూర్తం అడిగితే చివరికి మిగిలేది పెద్దాపరేషనే. ఆపరేషన్ వద్దనుకుంటే, మంచి రోజుల పట్టీ అడగండి గానీ మంచి గంట అడక్కండి.

7. మందు పెట్టే ముందు, పెట్టాక

ముందు చెయ్యి పెట్టి చూసి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత మెత్తబడింది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అని లెక్కేస్తారు. దీన్ని బిషప్ స్కోరు అంటారు. 6 లేదా అంతకంటే తక్కువైతే ముఖద్వారం ఇంకా సిద్ధం కాలేదని. అప్పుడు నేరుగా సెలైన్‌లో నొప్పుల ఇంజెక్షన్ ఎక్కిస్తే లాభం తక్కువ. ముందు జెల్ గానీ, మాత్ర గానీ, బెలూన్ గొట్టం గానీ పెట్టి మెత్తబరచాలి. స్కోరు అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

క్రమం సుమారుగా ఇది: మెత్తబరచడం, ఉమ్మనీటి సంచి చీల్చడం, ఆక్సిటోసిన్ (నొప్పుల ఇంజెక్షన్) డ్రిప్. అందరికీ మూడూ అక్కర్లేదు.

- మొదటి కాన్పు సిజేరియన్ అయ్యుంటే ముందే చెప్పండి. అలాంటివాళ్లకి మిసోప్రోస్టాల్ పెట్టరు, పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది.
- మాయ కింద ఉన్నా, బిడ్డ అడ్డంగా ఉన్నా నొప్పులు తెప్పించరు.
- మందు పెట్టే ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు రికార్డు చేస్తున్నారా చూడండి.
- పది నిమిషాల్లో ఐదు కంటే ఎక్కువ నొప్పులు వస్తుంటే, మధ్యలో కడుపు వదులు కాకపోతే, వెంటనే నర్సుకి చెప్పండి.

ఇంటి దగ్గర చేయకూడనివి రెండు. ఆముదం తాగించొద్దు, వాంతులూ విరేచనాలూ అయి ఒంట్లో నీరు పోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత “నొప్పులు ముదరడానికి” ఇంజెక్షన్ అసలు వేయించొద్దు. గర్భసంచి పగిలి తల్లి ప్రాణం పోయే పని అది.

8. “ఫెయిల్ అయింది” అన్నప్పుడు

ఇక్కడే తొందరపాట్లు ఎక్కువ. ఉదయం జెల్ పెట్టి సాయంత్రానికి “రెండు వేళ్లే తెరుచుకుంది, ఆపరేషనే” అంటే, తల్లీబిడ్డా బాగున్నంతవరకు అది తొందరే. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునే దాకా నెమ్మదిగానే నడుస్తుంది. సంచి చీల్చి డ్రిప్ మొదలుపెట్టాక కనీసం 12 గంటలు, వీలైతే 18 గంటలు చూశాకే ఫెయిల్ అనాలని నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి.

అడగాల్సినవి మూడే: బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉంది? అమ్మాయికి జ్వరం, బీపీ ఏమైనా ఉన్నాయా? ఇంకొన్ని గంటలు ఆగితే నష్టమేంటి?

గుండె చప్పుడు పడిపోతోందంటే మాత్రం ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టండి. ఆ టైములో బంధువులందరికీ ఫోన్లు చేసి సలహా అడిగే అలవాటు మనది. నిర్ణయం చెప్పేది భర్తో, అమ్మో, ఒక్కరే ఉండాలని ముందే అనుకోండి. అన్నిటికన్నా ముందు ఆ అమ్మాయిని అడగండి.

9. గోదావరి లంకల్లో ఉండేవాళ్లకి

జూలై నుంచి సెప్టెంబరు మధ్య డ్యూ డేట్ ఉంటే ఈ పని తప్పనిసరి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 36 వారాలు దాటినవాళ్లు మొదటి హెచ్చరిక వినగానే ఒడ్డు ఈవలికి, హాస్పిటల్ ఉన్న ఊళ్లో చుట్టాలింటికి వచ్చేయాలి. కాజ్‌వే మునిగాక, పంటు ఆగాక 108 మీ గుమ్మం దాకా రాలేదు. చుట్టాలెవరూ లేకపోతే ఆశా కార్యకర్తకి చెప్పండి. వరదల్లో నెలలు నిండినవాళ్లని ముందుగానే ఆసుపత్రులకి తరలిస్తారు, ఆ జాబితాలో పేరుండాలి.

వరదున్నా లేకున్నా, కింది వాటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు:

- బిడ్డ కదలికలు తగ్గడం (తిని ఎడమ పక్కకి పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో పది లేకపోవడం)
- రక్తస్రావం
- నీరు పోవడం
- ఫిట్స్, విపరీతమైన తలనొప్పి, ముఖం వాపు

10. బిల్లు, కాగితాలు

బిల్లు రోజూ సాయంత్రం అడిగి చూడండి, చివరి రోజు ఒక్కసారిగా చూస్తే ఏమీ పట్టుకోలేరు. మందుల షాపు బిల్లులో వాడనివి వెనక్కిచ్చి డబ్బు తీసుకోండి. గ్లవ్స్, సెలైన్ బాటిళ్ల దగ్గరే తేడాలు ఎక్కువ. తల్లి గ్రూపు నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డీ ఇంజెక్షన్ పడాలి. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది, ప్యాకేజీలో ఉందో లేదో ముందే అడగండి.

ఇంటికి వచ్చే ముందు చేతిలో ఉండాల్సినవి:

- అన్ని ఫీజులూ విడివిడిగా వేసిన బిల్లు
- బిడ్డ టీకా కార్డు
- జనన నమోదుకి పంపినట్టు రుజువు. 21 రోజుల్లోపు ఉచితం
- ప్రధానమంత్రి మాతృ వందన యోజనకి కావాల్సిన కాగితాలు. మొదటి బిడ్డకి 5,000 రెండు విడతల్లో, రెండో బిడ్డ ఆడపిల్లైతే 6,000. ఆశా లేదా అంగన్‌వాడీ ద్వారా దరఖాస్తు చేయొచ్చు, బ్యాంకు ఖాతా తల్లి పేరునే ఉండాలి
- డిశ్చార్జ్ సమ్మరీ

సమ్మరీని కౌంటర్ దగ్గరే చదవండి. నొప్పులు ఎందుకు తెప్పించారు, ఏ మందు, ఎన్ని గంటలు, ఆపరేషన్ చేస్తే కారణమేంటి, గర్భసంచి మీద కోత ఏ రకం అన్నవి అందులో ఉండాలి. “ఎల్ఎస్‌సీఎస్ (సిజేరియన్) చేయబడినది” అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోకండి, రెండో కాన్పు నార్మల్‌కి ప్రయత్నించొచ్చా లేదా అన్నది డాక్టరు ఈ వివరాలు చూసే చెబుతారు. పూర్తి కేస్ షీట్ కావాలంటే దరఖాస్తు రాసివ్వండి, 72 గంటల్లో నకలు ఇవ్వాల్సిన బాధ్యత డాక్టరుది.